గంధకం కలిపిన నీళ్ళు

అజ్మాన్‌లో నేను పనిచేసిన ఆడవాళ్ళ స్నానశాలలో, లోపలికి అడుగుపెట్టగానే గోడ మీద ఒక పెద్ద ఫోటో కనిపించేది. కొండ కింద రాళ్ళ మధ్య ఊట, చుట్టూ ఖర్జూరపు చెట్లు, ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళు. దాని కింద రాసిన మాటలు నాకు కంఠతా వచ్చు. గజ్జి, తామర, దద్దుర్లు, కాళ్ళ పగుళ్ళు, అన్నిటికీ తాతల కాలం నుంచి ఈ కొండ ఊట నీళ్ళే మందు అని. ఆ పక్కనే ఇంకో బోర్డు. చర్మం మీద పుండ్లున్నవాళ్ళు తొట్టిలో దిగకూడదని. రెండూ ఒకే రోజు, ఒకే మనిషి మేకులు కొట్టి తగిలించాడట. ఆ రెండూ చదివి నవ్విన మనిషిని నేను చూడలేదు.

నాది రాయచోటి వైపు. ఆరేళ్ళు అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసి, ఆ తర్వాత ఇక్కడ కుదిరాను. చేరిన కొత్తలో కొండల దగ్గర నుంచి నిజంగానే ట్యాంకర్ వచ్చేది. ఆ నీళ్ళతో తొట్లు నింపుతూ, కడుగుతూ ఉండగా నా మోచేతుల మీద ఏళ్ళ తరబడి ఉన్న తామర మాయమైంది. ఇళ్ళల్లో గిన్నెలు తోమడం మానేసినందుకు తగ్గిందేమో అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆ నీళ్ళకు చేతులెత్తి మొక్కాను.

2020లో కరోనాకి మూసేశారు. మళ్ళీ తెరిచాక ట్యాంకర్ రాలేదు. వారం చూసి, ఎప్పుడొస్తుందని ముదీర్‌ని, అంటే మా మేనేజర్ని, అడిగాను.

"ట్యాంకర్ ఖలాస్. తుమ్ పౌడర్ డాలో, జ్యాదా బాత్ నహీ," అన్నాడు.

అప్పటి నుంచి కుళాయి నీళ్ళే. హీటర్‌లో కాగిన నీళ్ళు తొట్టికి పట్టి, పిడికెడు ఉప్పు, రెండు చెంచాల పసుపురంగు పొడి కలపాలి. గంధకం అన్నారు. డబ్బా మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమనేది. వచ్చినవాళ్ళు ఆ వాసన పీల్చి, ఆహా, అసలైన ఊట నీళ్ళు అనేవాళ్ళు. అవునని తల ఊపడం నా ఉద్యోగం. వాళ్ళకు పెద్ద రోగాలేమీ ఉండేవి కావు, పెళ్ళికి ముందు ఒళ్ళు నునుపెక్కాలని వచ్చేవాళ్ళే ఎక్కువ. ఎవరి కొంపా మునగడం లేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఒకసారి ఈ దేశపు ముసలావిడ ఒకామె మనవరాలితో వచ్చింది. చిన్నప్పుడు ఒంటి నిండా సెగగడ్డలు లేస్తే వాళ్ళమ్మ గాడిద మీద ఎక్కించుకుని ఊట దగ్గరికి తీసుకెళ్ళి, ఏడు రోజులు అక్కడే ఉంచిందట. పొద్దున్నే మెడ లోతు నీళ్ళలో కూర్చోబెట్టి, తర్వాత ఊట అడుగు బురద పూసి, చెట్టు నీడన పడుకోబెట్టేదట. పొద్దున పూట ఆడవాళ్ళది, మధ్యాహ్నం మగవాళ్ళదట. నాకొచ్చిన అరబ్బీకి అంతవరకు అర్థమైంది. మా తొట్టిలో నీళ్ళు దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. "ఆ నీళ్ళకు వాసన లేదు," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఒక్క మాట గట్టిగా అనలేదు. అంటే నాకూ నాలుగు మాటలు అనే వీలుండేది.

ఆ పిల్ల వచ్చింది ఆ తర్వాతి చలికాలం. పిల్ల అంటే పిల్లేం కాదు, ముప్పై దాటిన మనిషి, గోదావరి జిల్లా. మా వెనక వీధిలో ఒక ఇంట్లో వంటా, శుభ్రం చేసేది. కరోనా భయంతో ఆ ఇంట్లో తలుపు గొళ్ళెం నుంచి కూరగాయల సంచి దాకా రోజుకు మూడుసార్లు బ్లీచింగ్ నీళ్ళతో తుడిపించేవాళ్ళు. చేతులు చూపించింది. అరచేతుల తోలు ఊడి, వేళ్ళ సందులు ఎర్రగా చిట్లి ఉన్నాయి.

"మేడమ్ గారు అంటుకునే రోగమేమో అంటన్నారక్కా. రంజాన్ వచ్చేలోగా తగ్గకపోతే ఎల్లిపోమన్నారు. ఊళ్ళో ఇంటికి గోడలు లేచాయి గానీ స్లాబు పడలేదు. ఇప్పుడెళ్ళిపోతే ఏం సెయ్యను?"

బోర్డు చూపించి వెళ్ళగొట్టాల్సింది. వెళ్ళగొట్టినా బాగుండేది. నేను మాత్రం పెద్ద మనసు చేసుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజు అయ్యాకే మా స్నానశాల తెరుస్తారు. పొద్దున తొట్లు కడగడానికి నేనొక్కదాన్నే వస్తాను. ఆ పూట రమ్మన్నాను. ముసలావిడ ఏడు రోజులంది. ఈమె వచ్చేది వారానికొకసారి కాబట్టి పదకొండు శుక్రవారాలు కావాలని తేల్చేశాను. పదకొండెందుకో నాకే తెలియదు.

ఇక్కడే నన్ను నేను క్షమించుకోలేను. ఆ నీళ్ళు ఎక్కడివో నాకు తెలుసు. కలిపేది నా చేత్తోనే. అయినా ఏడాది పాటు అందరికీ ఊట నీళ్ళని చెప్పీ చెప్పీ, నాలో సగం నమ్మేసింది. గంధకం మందే కదా, నా తామర తగ్గలేదా అనుకున్నాను. ఆమెకు కుళాయి సంగతి చెప్పలేదు. పైగా మిగతావాళ్ళకంటే ఒక చెంచా పొడి ఎక్కువ వేశాను.

మూడో శుక్రవారానికి ఎరుపు తగ్గింది. నాలుగోదానికి కొత్త తోలు వచ్చింది. ఆమె ముఖం విప్పారింది.

"నీ హస్తవాసి మంచిదక్కా," అంది.

పొంగిపోయాను. ఆ రెండు వారాలు మేడమ్ కుటుంబం అల్ ఐన్‌లో చుట్టాలింట్లో ఉందనీ, ఈమెకు గిన్నెలూ లేవు, బ్లీచింగూ లేదనీ ఆమే నాకు చెప్పింది. విన్నాను. ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాను.

వాళ్ళు తిరిగొచ్చారు, చేతులు మళ్ళీ పగిలాయి. ఈసారి మునుపటికంటే అన్యాయం. నీళ్ళలో పెడితే మంట ఓర్చుకోలేక పెదవి కొరుక్కునేది. ఆరో శుక్రవారం మెల్లగా అడిగింది.

"మందుల షాపాయన రబ్బరు తొడుగులేసుకుని పని సెయ్యమన్నాడక్కా. తోలు డాక్టర్ని కలవమన్నాడు. ఎల్లనా?"

నాకు చర్రున కోపం వచ్చింది. పొద్దున్నే లేచి, ముదీర్ కంటపడకుండా, ఊరికే ఇన్ని నీళ్ళు కాచి పోస్తుంటే మందుల షాపువాడి మాట ఎక్కువైందా అనిపించింది. కోపం కింద భయం కూడా ఉంది. డాక్టరు ఏ నీళ్ళని అడిగితే ఈమె ఏం చెబుతుంది?

"లోపలుండేదంతా బయటికి వస్తాంది పాపా. బయటపడినాకే గదా తగ్గేది? ఇంకో రెండు వారాలు చూడు. నీ ఇష్టం, నేనేం పట్టి ఆపడంల్యా," అన్నాను.

పట్టి ఆపడమంటే అదే. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, తొడుగులూ కొనుక్కోలేదు. నేను నొచ్చుకుంటానని.

ఏడో శుక్రవారం దాటాక, ఒకనాడు చపాతీ పిండి కలుపుతుంటే వేలి సందు చిట్లి పిండిలో రక్తం పడింది. మేడమ్ చూసింది. అరవలేదట. పిండి చెత్తబుట్టలో వేసి, గిన్నె కూడా అందులోనే వేసి, టికెట్ తీయించిందట. రంజాన్‌కి ఇంకా నాలుగు వారాలుంది.

విమానం శనివారం. శుక్రవారం పొద్దున ఆమె చివరిసారి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే నిజం చెప్పేద్దామనే అనుకున్నాను, రాత్రంతా మాటలు కూడగట్టుకున్నాను. ఆమె కొంగు కింద నుంచి రెండు లీటర్ల ఖాళీ సీసా తీసింది.

"నాలుగు వారాలు తక్కువైపోయాయి కదక్కా. నాదే తప్పు, మధ్యలో పని మానలేకపోయాను. ఈ నీళ్ళు కొంచెం పట్టి ఇయ్యి. ఊళ్ళో బక్కెట్లో కలుపుకుని మిగిలినవి పూర్తి సేసుకుంటాను. తగ్గితే మళ్ళీ వచ్చేత్తాను."

చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. నోటి దాకా వచ్చింది. చెబితే, ఏడు శుక్రవారాలు ఆమె చేతులు ఎందులో పెట్టిందో చెప్పాలి. డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళనివ్వలేదో చెప్పాలి. ఆ ముఖం చూస్తూ నావల్ల కాలేదు.

సీసా తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాను. కుళాయి తిప్పి నింపాను. వట్టి నీళ్ళిస్తే వాసన లేదేమని అడుగుతుందేమోనని చెంచాడు పొడి వేసి, బాగా కలిసేదాకా ఊపి, మూత గట్టిగా బిగించి ఇచ్చాను. వేళ్ళు ముడవలేక, సీసాను చంకలో ఇరికించుకుని, వస్తానక్కా అని వెళ్ళింది.