పుల్లమ్మకు ఇచ్చిన మూడు నిమిషాలు

దర్శిలో పుల్లమ్మ కారం మర తిప్పితే కురిచేడు స్టేషన్లో టికెట్లిచ్చే ఆయన తుమ్ముతాడు. మధ్యలో అన్ని కిలోమీటర్లు ఉన్నాయి కదా అంటారు కొందరు. ఘాటుకి కిలోమీటర్లు తెలుస్తాయా? నేను ఇంటర్ మధ్యలో మానేసిందీ ఆ ఘాటుకు కళ్ళు కనపడకే. లేకపోతే ఈపాటికి కలెక్టరయ్యేవాణ్ణి.

భర్త పోయాక ఇంటి ముందు గదిలో ఆ మర పెట్టింది పుల్లమ్మ. ఇరవై రెండేళ్ళయింది. ఎండాకాలం వస్తే తొడిమలు తీసిన కాయల సంచులతో వీధి చివరిదాకా జనం. ఒకరి కాయ అయ్యాక గుప్పెడు రాళ్ళుప్పు ఆడించి, మర గొంతు కడిగి, అప్పుడే రెండోవాళ్ళ కాయ పోస్తుంది. తన సొంత తోడికోడలు తొందరపెట్టినా ఉప్పు పడాల్సిందే.

అలాంటి మనిషి నెత్తిన బిల్లు పడింది. ఇళ్ళకు రెండు వందల మీటర్ల లోపల కారం మరలు ఉండకూడదని ప్రభుత్వం చట్టం చేయబోతోంది. పుల్లమ్మ మరకీ ఆమె మంచానికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఊరి బయట స్థలం కొని షెడ్డు వేసే తాహతు ఆమెకు లేదు. బిల్లు పాసైతే మర ఆగిపోతుంది, అంతే.

శాసనసభ కమిటీ ఒంగోలు వచ్చి వ్యాపార సంఘాల అభిప్రాయాలు వింటుందనీ, సంఘానికి మూడు నిమిషాలనీ కబురొచ్చింది. మా మరల సంఘం తరఫున పుల్లమ్మే మాట్లాడాలని తీర్మానించారు. మర హోరులో మాట్లాడీ మాట్లాడీ ఆమెకు మైకు అక్కర్లేని గొంతు వచ్చింది. ఫోన్లో టైము పెట్టి, సంఘం లెక్కలు రాసే నేనే తర్ఫీదిచ్చాను. మొదటిరోజు మొగుడి పెళ్ళిచూపుల దగ్గర్నుంచి మొదలెట్టి పదకొండు నిమిషాలు తీసుకుంది. వారం తిరిగేసరికి రెండు నిమిషాల యాభై సెకన్లకు దించాను. ఇంకో వారం ఇస్తే సైగలతో చెప్పించేవాణ్ణి.

ఒంగోలు కల్యాణ మండపంలో మా వంతు వచ్చింది. పుల్లమ్మ లేచేలోపే సంఘం అధ్యక్షుడు కరుణాకర్ శాలువాల సంచి విప్పాడు.

"ఇప్పుడివెందుకు అబ్బాయ్?" అంది పుల్లమ్మ.

"ఉత్త చేతులతో అడిగితే ఎవరు వింటారక్కా? ముందు మర్యాద, తర్వాత మనవి."

కమిటీలో తొమ్మిదిమంది. తొమ్మిది శాలువాలు, తొమ్మిది బొకేలు, ఛైర్మన్ గారికి తేజా రకం మిరపకాయలతో గుచ్చిన దండ. ఒక్కొక్కరితో ఒక ఫోటో. ఒక ఫోటోలో కరుణాకర్ కళ్ళు మూసుకున్నాడని అది మళ్ళీ. చివరికి పుల్లమ్మ మైకు దగ్గరికొచ్చి, "అయ్యా, నా ఇల్లూ నా మరా ఒకటే..." అందో లేదో గంట కొట్టారు.

"టైమైందమ్మా. రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నారు ఛైర్మన్ గారు, దండ తీసి పక్కన పెడుతూ.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. కింద 'బిల్లుపై మరల సంఘాల హర్షం' అని రాశారు. పుల్లమ్మ ఆ పేపరు పట్టుకుని కరుణాకర్ ఇంటికెళ్ళింది.

"ఎవరికిరా హర్షం? సంఘం కాయితం మీద వద్దని రాసియ్యి."

"శాలువా కప్పిన చేత్తోనే వద్దని రాస్తే ఏం బావుంటుందక్కా?"

"బావుండటానికా పోయింది మనం? నీ మర ఊరి బయట ఉంది కాబట్టి నీకు బాగానే ఉంటుంది!"

కరుణాకర్ మంచినీళ్ళు ఇప్పించాడు కానీ కాయితం ఇవ్వలేదు. రాతపూర్వకంగా ఇవ్వడానికి గడువు ఇంకా నాలుగు రోజులే. టేపు పట్టుకుని నేనూ ఆమే రెండు వందల మీటర్లు కొలిచాం. అరవై మూడు ఇళ్ళు తేలాయి. మరతో మాకు ఇబ్బంది లేదని అరవై రెండు ఇళ్ళవాళ్ళు సంతకం పెట్టారు. పక్కింటి రిటైర్డు మాస్టారు గురునాథం గారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"అబద్ధం రాయలేనమ్మా. ఘాటు వస్తుంది, మా ఆవిడకి ఆయాసం."

పుల్లమ్మ ముఖం మాడిపోయింది. "ఇన్నేళ్ళలో ఒక్కమాట అనలేదేం మాస్టారూ?"

"మీరు బతకాలి కదా. గొట్టం పెట్టి పొగలాగా పైకి పంపించమంటే సంతకం పెడతాను. మూసేయమని నేను అడగలేదు."

"ఆ మాటే రాయండి" అంది పుల్లమ్మ. ఆయన రాశారు. అన్నిటికన్నా పైన ఆ కాయితమే పెట్టింది.

చివరి రోజు నా బండి మీద అమరావతి వైపు బయల్దేరాం. కమిటీ ఆఫీసులో గుమస్తా కట్ట విప్పకుండానే తిరిగిచ్చాడు.

"దర్శి సంఘం అభిప్రాయం వచ్చేసిందమ్మా. అనుకూలం అని నమోదైంది."

"ఎవరు చెప్పారు?"

"ఫోటో ఉంది కదా. మీరూ ఉన్నారు, నవ్వుతూ."

"నవ్వు కాదు నాయనా, నా వంతెప్పుడొస్తుందా అని మైకు వంక చూస్తున్నా."

అతనికి జాలేసిందో విసుగేసిందో, 'అందినది' అని ముద్ర కొట్టాడు. కొట్టాక ఆ కట్టను ఎక్కడ పెట్టాలో అతనికీ తెలియలేదు. అనుకూలం ఫైలుంది, సంఘాలు వద్దన్న ఫైలుంది. అరవై మూడు ఇళ్ళకు ఫైలు లేదు.

"వెళ్ళిరండమ్మా, చూస్తాను."

"చూడు నాయనా. నువ్వు ఏ ఫైల్లో పెడతావో నేనూ చూస్తా" అని ఎదురుగా బెంచీ మీద కూర్చుంది పుల్లమ్మ.

నేను రెండుసార్లు టీ తాగొచ్చాను. కట్ట బల్ల మీదే ఉంది, ఆమె బెంచీ మీదే ఉంది. అయిదున్నరకు అటెండరు తాళాల గుత్తితో వచ్చి నిలబడ్డాడు. పుల్లమ్మ మాత్రం కట్ట మీంచి చూపు తీయలేదు.