పది లెక్కపెట్టేలోపు

పెద్ద టీచర్‌కు ఓపిక ఎక్కువని మొన్న శనివారం సంతాప సభలో నా మనవరాలు చెప్పిన మాట తప్పు. సేత్తూరు బడిలో టీచరుగా చేరి ఏడాది కూడా కాని పిల్ల, నలుగురి ముందు మాట్లాడడం కొత్త, పోనీలే అనుకున్నాను. కానీ ఆ మాటకు మీరందరూ తలలూపారు. ఆవిడతో పదేళ్ళు పనిచేసినవాళ్ళు కూడా ఊపారు. పోయినవాళ్ళకు లేని గుణాలు అంటగట్టడం మర్యాద అని మనకు ఎవరు నేర్పారో తెలియదు. పెద్ద టీచర్‌కు ఓపిక లేదు. బొత్తిగా లేదు.

తళవాయిపురం బస్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే నడక మొదలుపెట్టే మనిషి ఆవిడ. అదే బస్సు వెనకనుంచి వచ్చి దాటిపోతే డ్రైవర్‌ను తిట్టేవారు. ఉప్మా చల్లారేదాకా ఆగలేక ప్రతిసారీ నాలుక కాల్చుకునేవారు. దారం మూడోసారికి కూడా ఎక్కకపోతే సూదినే పారేసేవారు. అలాంటి మనిషి తరగతిలో ఒక ప్రశ్న అడిగి, పిల్ల నోరు తెరిచేదాకా కదలకుండా నిలబడేవారంటే అది ఓపిక కాదు. పని. ఒళ్ళు వంచి చేసే పని. దాన్ని ఓపిక అనేస్తే ఆవిడ పడ్డ కష్టమంతా పుట్టుకతో వచ్చినదైపోతుంది. మనకు పుట్టుకతో రాలేదు కాబట్టి మనం నేర్చుకోనక్కరలేదనే వెసులుబాటూ దొరుకుతుంది.

కబురు నాకు బుధవారం పొద్దున అందింది. నేను బియ్యం కడుగుతున్నాను. మంసాపురంలో ఆవిడ తమ్ముడి ఇంటినుంచి ఒక మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. “టీచరమ్మ...” అని ఆగిపోయాడు. “ఊఁ, చెప్పు!” అన్నాను. ఆ రెండు మాటలూ నోటినుంచి జారిపోయాక గాని, వాటిని ఎవరి దగ్గర మానుకున్నానో గుర్తు రాలేదు. అతడు చెప్పనక్కర లేకపోయింది. కడిగిన బియ్యం మళ్ళీ కడిగాను. ఎన్నిసార్లు కడిగానో తెలియదు.

మన టీచర్ల చేతిరాత పత్రికకు తమిళంలో రాసిమ్మని అడిగారు. తెలుగులోనే రాస్తున్నాను. మా నాన్న పట్టుబట్టి నేర్పిన అక్షరాలు ఇవి. బడి భాష తమిళమైనా మన ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళు వీధులకు వీధులున్నాయి, చదవగలిగినవాళ్ళే కొద్దిమంది. రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చదివి వినిపించండి. ఆవిడ సంగతి తెలుగులో చెప్పడానికి కారణం ఉంది.

అప్పట్లో నెలకొక శనివారం చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరం ఒకచోట చేరేవాళ్ళం. ఒకరు పిల్లలను కూర్చోబెట్టి మాదిరి పాఠం చెప్పాలి. మిగతావాళ్ళు వెనక కూర్చుని తప్పొప్పులు నోటు పుస్తకాల్లో రాసుకోవాలి. పిల్లలను పంపేశాక వాటిని చదవాలి. ఇప్పుడు మీరు చేస్తున్నదీ అదే, కాకపోతే ఇప్పుడు వడలు బాగుంటున్నాయి. ఒక శనివారం నా వంతు వచ్చింది. మూడో తరగతికి కూడిక. అప్పటికి నాకు పదిహేనేళ్ళ సర్వీసు. చేతిలో బెత్తం, బల్ల మీద చింతగింజలు, నోట్లో తమిళం. నూలు మిల్లు పనివాళ్ళ పిల్ల ఒకతి రెండో వరుసలో కూర్చుంది. ఎనిమిదీ తొమ్మిదీ ఎంత అని అడిగాను. లేచి నిలబడింది. మాట లేదు. “ఊఁ, చెప్పు!” అని వేళ్ళ కణుపుల మీద ఒకటి వేసి, పక్క పిల్లను అడిగాను. ఆ పిల్ల చెప్పింది. పాఠం సాగిపోయింది.

తరువాత అందరూ పుస్తకాలు తెరిచారు. గొంతు బాగా వినబడిందన్నారు. బోర్డు మీద రాత ముత్యాల్లా ఉందన్నారు. చింతగింజలు వాడిన తీరు బాగుందన్నారు. నేను వద్దు వద్దంటూనే అన్నీ విన్నాను. చివరికి పెద్ద టీచర్ వంతు. అప్పుడు ఆవిడ మా బడికి హెడ్‌మిస్ట్రెస్. బెంచీలు ఖాళీగా ఉన్నా పిల్లల చాప మీదే కూర్చునేవారు.

“రెండో వరసలో మూడో పిల్ల,” అన్నారు, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. “పెదాలు కదిలినాయి. పదిహేడు అని మన మాటలో అనుకొన్నాది. దాన్ని అరవంలోకి మార్చేలోపల నువ్వు కొట్టేసినావు. పిల్లకి లెక్క వచ్చినాది. నీకే ఆగేది రాలా.”

ఎవరో నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

“ఎంతసేపు ఆగాల టీచర్? పొద్దు పొయ్యేదాకానా?”

“పది లెక్కపెట్టు. చాలు.”

అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. నా నాలుక పదునని మీరంతా ముచ్చటగా చెప్పుకుంటారు కదా, ఆ పదును ఏం చేసిందో కూడా వినండి.

“కడుపున ఒకటి కనుంటే తెలిసుండు టీచర్. ఇంట్లో నలుగురినీ ఈడ యాభై మందినీ మేపేవాళ్ళకి, పదులు లెక్కపెట్టుకుంటా కూచునే తీరిక ఉండదు.”

ఆవిడకు పిల్లలు లేరు. పెళ్ళయిన మూడో ఏట భర్త పోయారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. పెద్ద టీచర్ పుస్తకంలో ఏదో రాసుకున్నారు. మూశారు. “సరి. తరువాత ఎవురి పాడం?” అన్నారు.

సోమవారం హాజరు వేస్తూ పిల్లల తలలు లెక్కపెడుతున్నాను. నా పెదాలు కదులుతున్నాయి. ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి... లెక్క తెలుగులో, రిజిస్టరులో రాత తమిళంలో. పదిహేనేళ్ళుగా నేను చేస్తున్నదీ అదేనని ఆ నిమిషందాకా నాకు తెలియదు. నన్ను మాత్రం ఎవరూ కణుపుల మీద కొట్టలేదు.

ఆ వారమే ఆ పిల్లను మళ్ళీ అడిగాను. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పది అంటే ఎంత పొడుగో చెయ్యనివాళ్ళకు తెలియదు. నాలుగు దగ్గర పక్కవాళ్ళు చేతులెత్తారు. అయిదు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. నా కుడిచెయ్యి దానంతటదే బెత్తం వైపు పోయింది. ఏడు దగ్గర ఆ పిల్ల “పదినేళు” అంది, తమిళంలో పదిహేడు. ఏడు నెలలుగా నా ఎదుట కూర్చున్న పిల్ల. గొంతు ఎలా ఉంటుందో ఆ రోజే విన్నాను. కొంచెం బొంగురుగా ఉంది.

పెద్ద టీచర్‌కు ఇవేవీ చెప్పలేదు. అన్న మాటకు తప్పయిందనీ అనలేదు. ఆ వేసవిలో మా తోట మామిడికాయలు ఒక సంచి నింపి తీసుకుపోయి బల్ల మీద పెట్టాను. ఆవిడ ఒకటి కోసి నోట్లో వేసుకుని, కళ్ళు చిట్లించి, “పులుపు. నీ మాదిరే ఉండాది,” అన్నారు. సంచి మాత్రం ఖాళీ చేసి ఇచ్చారు. ఆ తరువాత ఏటా మామిడికాయలు పోతూనే ఉన్నాయి. తప్పయిందన్న మాట ఇంట్లోనే ఉండిపోయింది.

ఒకసారి నన్ను మదురైలో పది రోజుల శిక్షణకు పంపారు. రంగు సుద్దముక్కలు, అట్టబొమ్మలు, ఒక కాగితం పట్టుకుని వచ్చాను. ఆవిడ కాగితం చూడలేదు.

“ఏమి నేర్చుకొన్నావని అడగను. పోయినోళ్ళంతా ఏదో ఒగటి నేర్చుకొనే వస్తారు. ఏమి మానుకొన్నావు?”

“బెత్తం,” అన్నాను. అది మదురైలో మానుకున్నది కాదు. ఎక్కడ మానుకున్నానో ఆవిడకు తెలుసు. తన కాఫీలో సగం నా లోటాలోకి వంచారు. ఆవిడ కాఫీ పంచుకోవడం నేను మళ్ళీ చూడలేదు.

రిటైరయ్యాక కూడా శనివారాలకు వచ్చేవారు. పాఠం బ్రహ్మాండమని ఎవరైనా ముందే పొగిడితే, “బాగుండాదని చెప్పేదానికి నేను బస్సెక్కి రావాల్నా?” అనేవారు. కొంగు కింద ఎడమచెయ్యి ఎప్పుడూ పనిలోనే ఉండేది. మూడు వేళ్ళు, వేలికి మూడు కణుపులు, పైన ఇంకొకటి, మొత్తం పది. ఎవరు ప్రశ్న అడిగినా ఆ బొటనవేలు బయలుదేరేది.

పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట పూర్తిగా పోలేదు. వచ్చేది, కానీ చాలాసేపటికి వచ్చేది. నేను ఆదివారం ఆదివారం మంసాపురం పోయేదాన్ని. ఆవిడ తమ్ముడి భార్య మంచి మనిషి, రెక్కలు ముక్కలు చేసుకుని చూసుకుంది. “కాఫీ కావాల్నా వదినా? కావాల కదా? సరి, పోస్తాను,” అనేది. ప్రశ్నా జవాబూ ఒకే నోట.

“ఆగమ్మా,” అన్నాను ఒక ఆదివారం. “ఏమి తాగుతారు టీచర్?” అని నేనే అడిగి, కణుపులు మొదలుపెట్టాను. పది అయింది. మళ్ళీ మొదటినుంచి పది. ఆ తరువాత ఆవిడ, “మ... జ్జిగ” అన్నారు. తమ్ముడి భార్య అక్కడే కూలబడి ఏడ్చింది. ఆరు నెలలుగా ఇష్టంలేని కాఫీ పోస్తున్నానా అని. నాకేమో మాదిరి పాఠం నెగ్గించినంత గర్వం.

ఆ గర్వంతోనే, ఆవిడ పోవడానికి ముందు ఆదివారం, గుండె రాయి చేసుకుని అడిగేశాను.

“టీచర్, ఆ శనివారం నేనొక మాటన్నాను. కడుపున కనుంటే అని. తప్పయినాది. అది మీ మనసులో ఇంకా ఉండాదా?”

ఆవిడ నా వైపు చూశారు. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఆవిడ ఎడమచేతి బొటనవేలు కూడా కదులుతోంది. జవాబు వెతుక్కుంటున్నారో, నా కోసం లెక్కపెడుతున్నారో తెలియలేదు. ఆరో కణుపు దగ్గర లెక్క ఆపేశాను. “లేదులే, మీరెప్పుడో మరిచిపోయింటారు. మీ మనసు పెద్దది,” అని నేనే జవాబు చెప్పేశాను. వీధి మలుపులో నాలుగు గంటల బస్సు హారన్ కొట్టింది. సంచి తీసుకుని లేచాను. గడప దగ్గర తిరిగి చూస్తే ఆవిడ పెదాలు కదులుతున్నాయి.

“వచ్చే ఆదివారం వచ్చి వింటాను టీచర్, బస్సు పోతాది,” అన్నాను.

బుధవారం పోయారు.

లెక్క వచ్చిన పిల్లను కొట్టి పక్క పిల్లను అడిగినదాన్ని నేను. ఇన్నేళ్ళ తరువాత అదే చేశాను, ఈసారి బెత్తం లేకుండా. ఆ మాట అందరి ముందు అన్నాను కాబట్టి ఇది మీ అందరి ముందే రాస్తున్నాను. ఉంది అన్నా, లేదు అన్నా, ఆవిడ జవాబే నాకు కావాలి. నేను చెప్పుకున్నది కాదు.

అమ్మాయీ, సభలో ఓపిక అన్నది నువ్వే కదా, నీకొక పని. ఈ ఆదివారం పది గంటల బస్సుకు మంసాపురం పోయి రా. మామిడికాయలు తీసుకుపోవద్దు, మాట బదులు కాయలు ఇచ్చింది చాలు. నేను వచ్చేసిన తరువాత మంచం పక్కన ఉన్నది ఆ తమ్ముడి భార్యే. పెద్ద టీచర్ ఏమన్నారని ఆమెను అడుగు. నేనే పోవచ్చు, కానీ ఆమె నోరు తెరిచేలోపు నేనే చెప్పేస్తాను. మొదట ఆమె “ఏమీ చెప్పలేదమ్మా” అంటుంది, నన్ను బాధపెట్టకూడదని. అది జవాబు కాదు. మళ్ళీ అడగవద్దు. కొంగు కింద చెయ్యి పెట్టుకుని కూర్చో. మూడు వేళ్ళు, పైన ఒకటి. చాలకపోతే మళ్ళీ మొదటినుంచి. ఏం చెబితే అది, ఒక్క మాట కలపకుండా, తీసుకురా. నాలుగు గంటలకు బస్సు మలుపులో హారన్ కొడుతుంది. లేవకు. అయిదున్నరకు ఇంకొకటి ఉంది. ఆ రోజు కూడా ఉండింది.