అచ్చమ్మత్త పాతిన గుంజ

మండవల్లిలో ఏ కుక్క ఎవరిని కరిచినా తెచ్చి మా పక్కింటి అచ్చమ్మత్త పాకలో కట్టేసేవారు. ఎవరూ అప్పజెప్పిన పని కాదు, తనే నెత్తికెత్తుకుంది. అంతకు ముందు మా ఊళ్ళో కరిచిన కుక్కను కర్రలతో కొట్టి చంపడమే. అత్త పెంచుకున్న కుక్కనూ అలాగే చంపారు. దానికి పిచ్చి ఉందో లేదో తేలక, కరిపించుకున్నాయన నెలల తరబడి బిక్కుబిక్కుమంటూ బతికాడు. తర్వాత ఏలూరు ఆసుపత్రి డాక్టరు గారు చెప్పారు: కుక్కను చంపకుండా పది రోజులు కట్టి చూడండి, బతికుంటే భయం లేదు, జబ్బు చేస్తే మాత్రం మనిషి వెంటనే సూదిమందుకు రావాలి అని. అత్త ఆ మాట పట్టుకుని పాకలో గుంజ పాతింది.

ఆ కుక్కల్ని పెంచుకున్న వాళ్ళు వచ్చి ఏడుస్తుంటే కూర్చోబెట్టి ధైర్యం చెప్పేది. నేను మిషన్ బడిలో పంతులమ్మను, నోరు కాస్త ఎక్కువే. "నీకెందుకత్తా ఈ గోల?" అని రోజూ సాధించేదాన్ని. నవ్వి ఊరుకునేది. మూడేళ్ళలో తొమ్మిది కుక్కలు నిక్షేపంగా ఇళ్ళకు పోయాయి.

పంతొమ్మిది వందల ముప్ఫై ఆరులో, వానాకాలం, కిరాణా కొట్టు వీరవెంకటరమణ శెట్టి గారి ఆరేళ్ళ కూతురు బాలసరస్వతిని వాళ్ళ పెంపుడు కుక్క పండుగాడే చేతి మీద కరిచింది; దాన్నీ తెచ్చి అత్త పాకలో కట్టేశారు. ఆ పిల్లకు పండంటే ప్రాణం. రోజూ తండ్రి చంకనెక్కి వచ్చి, దడి అవతల నుంచే, "అచ్చమ్మా, పండు అన్నం తిన్నాడా?" అని అడిగేది.

మూడో రోజు పండు తినలేదు. దవడ వేలాడేసింది, చొంగ కారుతోంది. మా కొల్లేటి కుక్కలు చేప తలకాయల మీదే బతుకుతాయి, నెలకో కుక్కకు జెల్ల చేప ముల్లు గొంతులో దిగుతుంది, ఎవరో ఒకరం చెయ్యి పెట్టి లాగేస్తాం. పిచ్చికుక్కంటే మీద పడి కరిచేదే అనుకునేవాళ్ళం.

"ముల్లేనండీ శెట్టిగారూ, నేను తీసేత్తాను. మీరేం కంగారు పడకండి," అంది అత్త. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూటా, మర్నాడూ పండు నోట్లో మణికట్టు దాకా చెయ్యి పెట్టి వెతికింది. ముల్లు దొరకలేదు. చేపలు తోమిన చేతులు, వేళ్ళ నిండా గీతలు. నేను పక్కనే తాడు పట్టుకుని నిలబడ్డాను.

ఐదో రోజు పొద్దున్నే పండు చచ్చిపోయింది.

అత్త చెప్పుల్లేకుండా కొట్టుకు పరుగెత్తింది. "శెట్టిగారూ, తప్పంతా నాదేనండీ. అది ముల్లు కాదు. పాపను ఇప్పుడే ఏలూరు పడవెక్కించండి."

"రెండ్రోజుల్నించి ముల్లూ ముల్లూ అన్నావు కదే! నా మనవరాలికి ఏమన్నా అయితే నిన్ను బతకనిస్తానా?" అని ఆయన తల్లి రత్నాంబ గారు బజారంతా వినేటట్టు తిట్టారు.

పడవ రేవులో నాకు అనుమానం వచ్చి, "అత్తా, నువ్వూ ఎక్కు. దాని నోట్లో చెయ్యి పెట్టావు కదా," అన్నాను.

"నన్నెక్కడ కరిచిందే, పిచ్చి మొహమా? ముందు పాపను వెళ్ళనీ," అంది.

పనికిరాని వాటికల్లా ఆవిడను సాధించిన నేను ఆ ఒక్క మాట దగ్గర నోరు మూసుకున్నాను. రెక్క పట్టుకుని పడవలోకి తొయ్యాల్సింది. ఈ పాపం నాది, ఎవరు కాదన్నా నాదే.

పద్నాలుగు రోజులు పొట్టలో సూదులు పొడిపించుకుని పాప తిరిగొచ్చింది. అయినా గండం గడిచిందని ఊరికి నమ్మకం లేదు. పాప తుమ్మినా, నిద్రలో ఉలిక్కిపడినా రత్నాంబ గారు గడగడలాడేవారు. అత్త రోజూ ఎవరో ఒకరిని పంపి పాప ఎలా ఉందో కనుక్కునేది. అత్త మొహం కేసి మాత్రం ఎవరూ చూడలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం అత్తకు జ్వరంగా ఉందంటే మంచినీళ్ళు తీసుకెళ్ళాను. చెంబు పెదవుల దాకా తీసుకెళ్ళింది. నీళ్ళు తగలకముందే గొంతు బిగుసుకుపోయి, ఒళ్ళంతా వణికింది. చెంబు మెల్లిగా నా చేతికిచ్చి, నా వైపు చూడకుండా అంది:

"సువర్ణా, పాపను ఇటు రానివ్వకే."