సాలూరు వెళ్లని ఆట

ఆ రోజుల్లో నేనూ మా చెల్లీ ఒకే ఆటను రెండు ఊళ్లలో ఆడేవాళ్లం. నేను శ్రీకాకుళంలో, తను సాలూరులో. టీవీకి తగిలించే గేము మెషీను ఇద్దరి ఇళ్లలోనూ ఉంది. డిస్కు మాత్రం ఒకటే. కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడకు వీడియో గేములేమిటని మూతి తిప్పుకున్నవాళ్లు తిప్పుకున్నారు. వాళ్ల సీరియళ్ల గురించి నేనేమైనా అన్నానా?

చెల్లి భర్తకు లారీలున్నాయి. నేను ఆడేసిన డిస్కు ఆయన డ్రైవరు చేతికిస్తే చెల్లికి చేరేది. తోడబుట్టినదాని ఇంటికి ఖాళీ గిన్నె పంపం కదా, డిస్కూ అంతే. ఇటునుంచి కళింగపట్నం ఎండు నెత్తళ్లు తోడు వెళ్లేవి, అటునుంచి చింతపండు వచ్చేది. డిస్కు పెట్టెకు చేపల కంపు పట్టిందని మా ఆయన గొణిగేవారు.

ఆ ఆటకు రెండో భాగం వచ్చింది. చెల్లి దానికోసం ఎప్పట్నుంచో కాచుక్కూర్చుంది. మా ఆయన నాకు చెప్పకుండా దాన్ని నెట్‌లో కొని, మెషీన్లోకి దించేసి, పుట్టినరోజు కానుక అన్నారు. సంబరంగా ఆడి ముగించాను. చెల్లి ఫోన్ చేసింది.

"అప్పా, అయిపోనాదా? రేపు లారీ వస్తాది. డ్రైవరుకిచ్చీ."

"ఏటిమ్మంటావే? ఇది గాల్లో ఉన్నాది."

"గాల్లో ఉన్నదాన్ని కొన్నావేటి? సదువుకున్నదానివి!"

"కొన్నది మీ బావ."

"అయితే బావనే లారీ ఎక్కించీ."

ఆట కొన్న ఖాతా పాస్‌వర్డు చెల్లికి ఇచ్చేస్తే సరిపోతుందని మా ఆయన ఉపాయం చెప్పారు. ఇచ్చాను. అక్కడ చెల్లి మొదలుపెడితే ఇక్కడ నాది ఆగిపోయేది; నేను వేరే ఆట తెరిస్తే తనది మూసుకునేది. ఫోన్లో తిట్టుకున్నాం. చివరికి అనుమానం వచ్చిందంటూ కంపెనీ ఆ ఖాతానే మూసేసింది. చెల్లికి దక్కలేదు సరికదా, నాకూ పోయింది.

అప్పుడు షరతుల పేజీ మొత్తం చదివాను.

"అది ఎవులైనా సదువుతారేటి?" అన్నారు మా ఆయన.

"నాను సదువుతాను. అమ్మినట్టు ఇందులో ఎక్కడా లేదు. ఆడుకోనిచ్చారట, అంతే. మరి బటన్ మీద 'కొనండి' అని ఎందుకేసినట్టో?"

"లోకమంతా ఇలాగే కొంటన్నాదే!"

"లోకానికి సాలూరులో సెల్లెలు లేదు."

మర్నాడు విజయనగరం వెళ్లాను. షాపతను తళతళలాడే పెట్టె చేతిలో పెట్టాడు. నమ్మకుండా అక్కడే విప్పించాను. లోపల డిస్కు లేదు, నెట్‌లో కొట్టుకోవాల్సిన కోడు ముక్క ఉంది. "ఇప్పుడన్నీ ఇలాగే వస్తన్నాయి మేడం" అన్నాడు. ఖాళీ పెట్టెను చూపించి కోడు అమ్మినందుకు అతన్ని నలుగురిలో దులిపేసి, అసలు డిస్కు తెప్పిస్తానని ఒప్పుకునేదాకా కౌంటరు దగ్గర్నుంచి కదల్లేదు. తెప్పించాడు. ఈసారి చెల్లికే ముందు పంపాను.

తర్వాత కొన్నాళ్లకు నా మెషీను డిస్కును చదవడానికి మొరాయించసాగింది. కొత్త మోడల్లో డిస్కు పెట్టే చోటే లేదు. డిస్కుంటే చాలదని, దాన్ని తిప్పేదీ మన చేతిలో ఉండాలని అప్పుడు తెలిసింది. పాతవి అమ్మేస్తున్నవాళ్ల దగ్గర అలాంటి మెషీనే ఇంకొకటి కొని, గుడ్డ చుట్టి బీరువాలో దాచాను.

"అప్పా, ముసిలోళ్లమైపోయాక కూడా ఇదే ఆడతామేటి?" అంది చెల్లి.

"ఆడతాం. వద్దన్నోడెవడో రమ్మను, సూద్దాం."