ఆ నది పేరెత్తని మూర్తి మేష్టారు

రెన్‌ఫ్రూ కౌంటీలో ఏ వాగు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో మూర్తి మేష్టారిని అడిగారా, ఇక అంతే సంగతులు. చేతిలో కాఫీ చల్లారిపోయినా వదిలేవారు కాదు. పేరు దక్షిణామూర్తి, పుట్టింది బందరు దగ్గర. ఉద్యోగమంతా మాత్రం కెనడాలో ఒట్టావా నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో, హైస్కూలు పిల్లలకు జాగ్రఫీ చెప్పడంలోనే గడిచింది. ఒకప్పుడు అక్కడి అడవుల్లో కొట్టిన పైన్ దుంగల్ని తెప్పలు కట్టి క్యూబెక్ దాకా నీళ్లలో వదిలేవారనీ, అక్కణ్ణుంచి అవి ఓడలెక్కి ఇంగ్లండు పోయేవనీ, అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఆ నేల ఆల్గాంక్విన్ జనానిదనీ, ఆ నదిని వాళ్ల భాషలో మహానది అనేవారనీ ఊగిపోతూ చెప్పేవారు. తాతముత్తాతల నుంచీ అక్కడే ఉన్నవాళ్లు కూడా, "మిస్టర్ మూర్తిని అడగండి" అనేవారు.

అంత మాటల పుట్ట, ఆ తర్వాత ఒక్క నది పేరు మాత్రం ఏళ్ల తరబడి నోట పలకలేదు. వంటింటి కిటికీలోంచి కనపడే ఆ ఒట్టావా నది పేరే. ఇంట్లో ఎప్పుడైనా దాని మాట వస్తే "ఆ నీళ్లు" అనేవారు. బళ్లో ఆ పాఠం వస్తే ఇంకో మేష్టారిని బతిమాలి పంపేవారు.

కారణం ఊరందరికీ తెలుసు. కొడుకు సాకేత్ అప్పుడు పదో తరగతి. మార్చి నెలలో ఒక పొద్దున, గడ్డకట్టిన నది మీదుగా నడిచి అవతలి ఒడ్డున స్నేహితుడింటికి వెళ్తానన్నాడు. చలికాలంలో అందరూ అలాగే వెళ్లేవారు.

"ఎండలు మొదలయ్యాయి, వద్దురా కన్నా" అంది తల్లి అన్నపూర్ణ.

మేష్టారు దిబ్బరొట్టె తుంచుకుంటూ, "ఇంకో వారం దాకా మంచుకేం ఢోకా లేదులేవే. దాని సంగతి నేనెరగనా? వెళ్లనీ" అన్నారు.

ఇంకెవరు చెప్పినా ఆ పిల్లాడు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాడేమో. చెప్పింది నాన్న కదా, ధీమాగా వెళ్లాడు. బొనషేర్ అనే చిన్న నది వచ్చి కలిసే చోట, అడుగున ప్రవాహం తోడేసి మంచు పల్చబడి ఉంది. అయ్యో, ఏం చెప్పమంటారు! వాణ్ణి బయటికి తీసేసరికి సాయంత్రమైంది.

అస్థికలు ఎక్కడ కలపాలన్న దగ్గర ఆలుమగలు పోట్లాడుకున్నారు.

"వాడు ఇక్కడ పుట్టాడండీ. ఈత కూడా ఇందులోనే నేర్చుకున్నాడు. మీ కృష్ణానది సంగతి వాడికేం తెలుసు? ఇక్కడే ఉండనివ్వండి, నా కళ్లెదుట ఉంటాడు" అని ఆయన చెయ్యి పట్టుకుంది అన్నపూర్ణ.

"వాణ్ణి మింగిన దాంట్లోనే కలపమంటావా? మతుండే మాట్లాడుతున్నావా?" అని అరిచారాయన. విమానమెక్కి పట్టుకుపోయి, హంసలదీవిలో కృష్ణ సముద్రంలో పడే చోట కలిపి వచ్చారు. అన్నపూర్ణ ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. ఎత్తి ఉంటేనే బాగుండేది.

అప్పట్నుంచి ఇంట్లో పూజయినా తద్దినమైనా సంకల్పంలో ఆయనది ఒకటే పాట, "కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" అని. సంకల్పమంటే తెలిసిందేగా, తాను ఏ రెండు నదుల నడుమ కూర్చుని ఈ పని చేస్తున్నాడో దేవుడికి చెప్పుకోవడం. బయట మోకాళ్లెత్తు మంచు, నోట్లో కృష్ణా గోదావరులు! "మీ మాట నమ్మి దేవుడు బందరు వెళ్లిపోతాడు" అని అన్నపూర్ణ వెక్కిరించేది. ఆయన నవ్వేవారు కాదు.

మొన్న చలికాలం అన్నపూర్ణకు రోగం ముదిరింది. మందులు పనిచెయ్యవని డాక్టర్లు చెప్పేశాక మొగుణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నన్ను మాత్రం ఎక్కడికీ పట్టుకెళ్లకండి. వాడు పోయిన చోటే కలపండి. సంకల్పంలో ఆ నది పేరు మీ నోటితోనే చెప్పాలి. పంతులుగారి చేత చెప్పించి తప్పించుకుంటే ఊరుకోను."

"అలాగే పూర్ణా" అన్నారు. ఇంకేమంటారు, పాపం! ఆమె పోయాక, నది మంచు కరిగేదాకా అస్థికల కలశం గరాజ్‌లో అలమర మీద ఉంది. ఇంట్లో ఉంచకూడదు కదా. మేష్టారు రోజూ అక్కడికి వెళ్లి, స్టూలు మీద కూర్చుని, ఆ మూడక్షరాలూ అనబోయేవారు. గొంతులోంచి గాలి తప్ప మాట వచ్చేది కాదు. పెళ్లానికిచ్చిన ఆఖరి మాట కూడా నిలబెట్టుకోలేనేమోనని ఆయన బెంగ.

ఏప్రిల్ నెలాఖరున, ఒట్టావా నగరం పక్కనున్న కనాటా నుంచి కూతురు వైదేహి వచ్చింది. పంచె మీద లావుపాటి జాకెట్ తొడుక్కుని పంతులుగారూ వచ్చారు. బొనషేర్ వచ్చి కలిసే ఆ చోట నది ఎర్రగా, నిండుగా పారుతోంది. మేష్టారు చన్నీళ్లలో మునిగి లేచి, వణుకుతూ దర్భ పట్టుకున్నారు. మంత్రం నడిచి నడిచి నదుల దగ్గరికొచ్చి ఆగింది.

"చెప్పండి మేష్టారూ" అన్నారు పంతులుగారు.

"కృష్ణా..." అనేశారు. అలవాటు! నాలుక కరుచుకుని తల అడ్డంగా ఊపారు.

"ఇట్స్ ఓకే నాన్నా, పంతులుగారు చెప్పేస్తారు" అంది వైదేహి భుజం పట్టుకుని.

"వద్దమ్మా. అమ్మ నన్నే చెప్పమంది."

కళ్లు గట్టిగా మూసుకున్నారు. "ఒట్టావా" అన్నారు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే, "ఒట్టావా బొనషేర్ నద్యోః మధ్యదేశే" అని మొత్తం పూర్తి చేశారు. ఎన్నేళ్ల బరువో దిగిపోయినట్టయింది. రెండు చేతులా కలశం వంచారు. బూడిద నీళ్ల మీద కాసేపు తెల్లగా తేలి, దిగువకు సాగిపోయింది.

జాగ్రఫీ మేష్టారు కదా, కళ్లు ఆ నీళ్ల వెంటే వెళ్లాయి. ఒట్టావా నగరం, మాంట్రియల్, సెయింట్ లారెన్స్, ఆ తర్వాత అట్లాంటిక్. అక్కడికి వెళ్లేసరికి ఆయన ముఖం పాలిపోయింది.

"నాన్నా, తమ్ముడి దగ్గరికి వెళ్లినట్టేనా? ఈజ్ షీ విత్ హిమ్ నౌ?" అంది వైదేహి కళ్లు తుడుచుకుంటూ.

"నీళ్లన్నీ ఒకటేనమ్మా" అన్నారు పంతులుగారు, మంచి మనిషి.

నదుల గురించి ఎవరేమడిగినా తడుముకోని మేష్టారు, తడి బట్టలతో ఆ బురదలోనే కూలబడ్డారు.

"లేదమ్మా. వాడు బంగాళాఖాతంలో ఉన్నాడు. ఇక్కడే ఉంచమని మీ అమ్మ కాళ్లావేళ్లా పడింది. వాణ్ణి అంత దూరం పంపేసింది నేనే."