కుడి బుగ్గకొకటి, ఎడమ బుగ్గకొకటి

ఆ రోజుల్లో అనగానే కిరసనాయిలు దీపాల కాలం అనుకునేరు. నేను చెప్పేది ఏడెనిమిదేళ్ల కిందటి మాట. ఒంటరిగా గడిపిన కాలం ఎంత దగ్గరిదైనా ఎందుకో చాలా పాతదిగా కనిపిస్తుంది. డిగ్రీ అయ్యాక పామర్రు నుంచి బెజవాడ వచ్చి, ఒక పెద్ద షాపులో మొహానికి రాసుకునే సీరమ్‌ల కౌంటర్లో చేరాను. భవానీపురంలో మేడ మీద గది. (గది అంటే గదే. అందులో ఒక మూలని వంటిల్లనీ, ఇంకో మూలని హాలనీ పిలుచుకోవడం నా ఇష్టం.) షాపులో రోజంతా ముక్కూమొహం తెలియనివాళ్లతో నవ్వుతూ మాట్లాడేదాన్ని. గదికొచ్చాక నోరు విప్పే పనుండేది కాదు. ఒక ఆదివారం సాయంత్రం, పొద్దుటి నుంచి ఒక్క మాటైనా మాట్లాడలేదని గుర్తొచ్చి, గొంతు ఉందో లేదో చూసుకుందామని "హలో" అన్నాను. ఉంది.

అప్పట్లో విటమిన్ సి సీరమ్‌లకి మంచి గిరాకీ. శిక్షణలో మా చేత మూడు రకాలు బట్టీ పట్టించారు. ఆస్కార్బిక్ యాసిడ్ అసలు విటమిన్. గట్టిగా పనిచేస్తుంది, కానీ కొందరికి మండుతుంది, పైగా ఎండకీ గాలికీ రంగు మారి పాడవుతుంది. సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ నెమ్మదైనది. నిలవుంటుంది, మొటిమలున్నవాళ్లకి నప్పుతుంది. మూడోది నూనెలో కరిగేది, పొడి చర్మానికి హాయి. (దాని పేరు టెట్రాహెక్సైల్‌డెసిల్ ఆస్కార్బేట్. తప్పులేకుండా పలకడానికి నాకు వారం పట్టింది.) ఒకరోజు ఒక టీచరమ్మగారు ఈ పాఠమంతా ఓపిగ్గా విని, "ఇంతకీ నువ్వు ఏది వాడావమ్మా?" అన్నారు. "ఏదీ వాడలేదండీ," అన్నాను. "మరి నీకెలా తెలుసు?" అని ఆవిడ మెల్లగా వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే మూడూ కొనుక్కుని గదికి తెచ్చాను. కుడి బుగ్గకి యాసిడ్, ఎడమ బుగ్గకి ఫాస్ఫేట్, నుదుటికి నూనెది. పైన సన్‌స్క్రీన్ మాత్రం మూడు ప్రాంతాలకీ సమానం. ఒక నోటుపుస్తకం కూడా పెట్టాను. అయితే అది మే నెల, నాది ఎండకి కాగే మేడ గది. మిగతా రెండూ బాగానే ఉన్నాయి గాని యాసిడ్ సీసా ఇరవై రోజులకే డికాషన్ రంగుకి తిరిగింది. కొత్త సీసా కొన్నాను, కానీ ఫ్రిజ్ ఎక్కడిది? కింద వాటాలో జాకెట్లు కుట్టే ఆవిడ ఉండేవారు. వీధంతా ఆవిడని ఆపా (అంటే అక్క) అనే పిలిచేది. అంతవరకు ఆవిడతో నాకు మెట్ల మీద ఒక నవ్వు తప్ప మాటల్లేవు. ధైర్యం చేసి తలుపు తట్టాను.

"ఆపా, ఈ చిన్న సీసా మీ ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా అండీ? రోజూ పొద్దున్నే పైకి పట్టుకెళ్లి వాడుకుని, మళ్లీ తెచ్చి పెట్టేస్తాను."

ఆవిడ సీసాని చూశారు, నన్ను చూశారు. "ఎప్పటినుంచమ్మా?"

"నెల కావొస్తోందండీ."

"ఇంట్లో తెలుసా?"

"అమ్మకి తెలిస్తే తిడుతుందండీ."

ఆవిడ నా తల నిమిరి, "పెట్టుకో. దీనికి అడగాలా," అన్నారు. సీరమ్‌కి ఇంత జాలెందుకో అర్థం కాలేదు గాని, తల నిమిరించుకుని చాలా కాలమైంది కాబట్టి ఊరుకున్నాను.

మర్నాటి నుంచి నేను దిగేసరికి టీ సిద్ధంగా ఉండేది, చక్కెర లేకుండా. వాళ్లింటి అలవాటు కాబోలనుకుని మింగేదాన్ని. తర్వాత జొన్నరొట్టె, కాకరకాయ కూర మొదలయ్యాయి. "మధ్యాహ్నం తిండి ఆలస్యం చెయ్యకు," అనేవారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని నేను రోజంతా కౌంటర్లో హాయిగా నిలబడేదాన్ని. మూడో వారంలో మెట్లు దిగుతుంటే, జాకెట్ ఇవ్వడానికొచ్చిన ఎవరితోనో ఆపా అంటున్నారు: "పైనమ్మాయి పాపం, ఈ వయసులోనే షుగరు. ఇన్సులిన్ మన ఫ్రిజ్‌లోనే పెట్టుకుంటుంది. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోలేదు."

అప్పుడే లోపలికెళ్లి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే ఆ రొట్టే పోతుంది, "తిన్నావా" అని అడిగే మనిషీ పోతుంది. (ఆరోగ్యంగా ఉన్నందుకు దిగులుపడ్డ మనిషి నాకు తెలిసి నేనొక్కదాన్నే.) తొమ్మిది రోజులు షుగరు మనిషిలా గడిపాను. ఒకసారి ఆవిడ "నీరసంగా ఉందా?" అంటే "కొంచెం," అన్నాను కూడా. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదో రోజు ఆపా మిషను తొక్కుతూ, "రేపు పెద్దడాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. నేను తోడొస్తా. పెళ్లివాళ్ల జాకెట్లు ఆలస్యమవుతాయని చెప్పేశాలే," అన్నారు. ఇక తప్పలేదు.

"ఆపా, నాకు షుగర్ లేదండీ. అది మొహానికి రాసుకునేదండీ."

మిషను ఆగిపోయింది. రెండు బుగ్గలు, నుదురు, నోటుపుస్తకం, విన్నదీ విని దాచిందీ అన్నీ చెప్పాను. ఆవిడ సూదిలోంచి దారం తీసి, మళ్లీ ఎక్కించారు. "నమాజులో రోజూ నీకోసం అడుక్కున్నానమ్మా," అన్నారు చివరికి. నేను కింద పడ్డ గుడ్డముక్కలు ఏరడం మొదలుపెట్టాను. మళ్లీ ఆవిడే, "ఇంతకీ ఏది బాగా పనిచేసింది?" అన్నారు.

"తెలియట్లేదండీ. అద్దంలో నాకన్నీ ఒకేలా ఉన్నాయి. చూసి చెప్పేవాళ్లెవరూ లేరు."

ఆవిడ నా గడ్డం పట్టుకుని, కుట్టు సరిచూసినట్టు కిటికీ వెలుగులోకి తిప్పారు. "లేకపోవడమేంటి, రోజూ చూస్తూనే ఉన్నాగా. కుడి బుగ్గ మొదట్లో కందింది, ఇప్పుడు మచ్చ తగ్గి తేటపడింది. ఎడమవైపు మొటిమలు పోయాయి గాని మచ్చలు అలాగే ఉన్నాయి. నుదురు మెత్తగా ఉంది, కానీ ఈ ఎండల్లో ఆ జిడ్డేంటి? ఇదంతా షుగర్ వల్లే అనుకుని బెంగపడ్డా." నా కళ్లలో నీళ్లు చూసి, "మందు కళ్లల్లో పడిందా?" అన్నారు.

మర్నాడు పొద్దున కిందికి దిగడానికి ఏ కారణమూ దొరకక మెట్ల మీద నిలబడ్డాను. సూది అడగనా, ఉప్పు అడగనా అని ఆలోచిస్తుంటే లోపల్నించి ఆపా గొంతు వినిపించింది: "ఊరికే నిలబడే బదులు వచ్చి ఈ హుక్కులు కుట్టిపెట్టు. నీ షుగర్ గొడవలో అన్నీ వెనకబడ్డాయి." ఆ రోజు షాపుకి గంట ఆలస్యంగా వెళ్లాను. నేను కుట్టిన హుక్కులన్నీ తల్లకిందులుగా ఉన్నాయనీ, నేను వెళ్లాక ఆవిడ అన్నీ విప్పి మళ్లీ కుట్టారనీ చాలా రోజులకి తెలిసింది. ఆ ఉదయం మాత్రం, పెళ్లికూతురి జాకెట్ నా చేతి పనే అనుకుంటూ, బస్సులో కనిపించిన వాళ్లందరినీ చూసి నవ్వుకుంటూ వెళ్లింది ఏడెనిమిదేళ్ల కిందటి ఆ పిచ్చిపిల్ల.