తిప్పకు పడవెందుకత్తా?

ఆ వయసులో నాకు రానిదంటూ లేదు. డిగ్రీ అయిపోయి తిరుపతిలో ఒక ట్యూషన్ సెంటర్‌లో కొత్తగా చేరిన రోజులవి. ఎవరు ఏది అడిగినా వచ్చు అనడమే తప్ప, రాదు అనే మాట నా నోట పలికేది కాదు. అందుకే మా అత్త (మా నాయనకు అక్క, జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి) ఫోన్ చేసి "ఆదివారం తిప్పకు పోవాల, తోడొస్తావా?" అంటే వెనకాముందు చూడకుండా ఒప్పుకున్నాను. మా వడమాలపేట వైపు తిప్ప అంటే రాళ్ళగుట్ట. నేను బూట్లు వేసుకుని, చేతికర్ర పట్టుకుని తయారైతే, కారెక్కుతూ అత్త "పడవ నడిపేది వచ్చునా నీకు?" అంది.

"తిప్పకు పడవెందుకత్తా?"

"ఇది నీళ్ళ మధ్యలో ఉండే తిప్పే. పులికాట్ సరస్సులో ఉండాది. ఆడ మనుషులుండరు, పక్షులే."

వచ్చనేశాను. (ఒకసారి పార్కులో హంసబొమ్మ పడవను కాళ్ళతో తొక్కిన అనుభవం ఉంది మరి.)

చిక్కేమిటంటే, అత్త ఎడమచెయ్యి విరిగి పుత్తూరు కట్టులో ఉంది. కట్టు విప్పేదాకా ఆగితే నీళ్ళు తగ్గి ఫ్లెమింగోలు వెళ్ళిపోతాయట. వచ్చే ఏడాదికి తన మోకాళ్ళు పడవలో కూర్చోనిస్తాయో లేదోనని ఆమె బెంగ. ఉద్యోగమంతా బోర్డు మీద బొమ్మ గీసి చూపించిన పక్షిని ఒక్కసారి దగ్గరగా చూడాలని ఆమె కోరిక. మరపడవల చప్పుడుకు పక్షులు బెదురుతాయని అటువైపు తెడ్డుతో నడిపే కయాక్‌లనే పోనిస్తారు. ఒడ్డున అత్త పాత శిష్యుడొకాయన ఇద్దరు కూర్చునే కయాక్ సిద్ధం చేసి, నాకు దండం పెట్టినంత పని చేశాడు. "మీరు పోటీల్లో గెలిచినారంట కదా, మేడమ్ చెప్పినారు. మీరుండారనే ధైర్యంతోనే పంపిస్తా ఉండా." నేను అత్తవైపు చూశాను. అత్త ఆకాశంవైపు చూస్తోంది.

ఆ తెడ్డుకు రెండు కొసలా రెక్కలు. నేను ఒకవైపే వేస్తూ పోయానేమో, కయాక్ ఉన్నచోటనే గుండ్రంగా తిరిగింది. తిప్ప అనే పేరు ఎందుకు పెట్టారో నాకప్పుడు తెలిసింది. "ఏమే, పక్షుల్ని సూద్దామని వస్తే ఒడ్డునే నాలుగుసార్లు సూపిస్తివి!" అంది అత్త. ఇంతలో గాలికి పడవ ఒరిగి, ప్లాస్టిక్ కవరు చుట్టిన ఆమె కట్టు నీళ్ళకు జానెడు దూరం దాకా వెళ్ళింది. లైఫ్ జాకెట్లు ఉన్నా నాకు నిజంగా భయమేసింది. అత్త మాత్రం తరగతిలో చెప్పినట్టు "కుడిపక్క ఒకటి, ఎడంపక్క ఒకటి. తొందరపడొద్దు" అంటూ లెక్క మొదలుపెట్టింది. ఆ లెక్కకే నా చేతులు కుదిరాయి.

తిప్ప దగ్గర దిగకూడదు, ఆగి చూడాలంతే. ఇసుక, పొట్టి పొదలు, గాలి. ఆ ముందు పలచటి నీళ్ళలో వందల ఫ్లెమింగోలు తలలు వంచి మేస్తున్నాయి. ఒక గుంపు లేచి రెక్కలు విప్పగానే ఆ ఎరుపు చూసి ఫోటో తీసే సంగతే మరిచిపోయాను. అంత అందాన్ని నేనెప్పుడూ చూడలేదు.

"ఈడ ఒక టీ బంకన్నా లేదే అత్తా," అన్నాను.

"లేదు కాబట్టే ఇవి ఉండాయి," అంది అత్త. ఒంటిచేత్తో కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక నిజం చెప్పేశాను. "అత్తా, నాకు పడవ నడపడం రాదు."

"ఎరుగుదును లేవే. వచ్చినోళ్ళను ముగ్గుర్ని అడిగితిని. ఈ చెయ్యి చూసి ఎక్కించుకోలేమనిరి. ఏమీ తెలీనిదానివి నువ్వొక్కదానివే దొరికినావు."

ఆ తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నాను, ఇప్పుడు నాకు కయాక్ నడపడం బాగా వచ్చు. చెయ్యి బాగాలేనివాళ్ళెవరైనా ఎక్కించుకోమని అడిగితే జాగ్రత్తలన్నీ చెప్పి వెనక్కి పంపేస్తాను. అది సరైన పనే. అయినా పంపిన ప్రతిసారీ, ఏమీ రాకుండానే అత్తను ఆ పక్షుల ముందుకు తీసుకెళ్ళిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.